ఒక్క చుక్కా కారని స్టేషను

ఆ రోజుల్లో మా కోనసీమవాళ్ళకి రైలు అనేది ఏరు దాటాక మొదలయ్యే సంగతి. మూడు వైపులా గోదావరి పాయలూ సముద్రమూ, మధ్యలో కొబ్బరిచెట్లూ మేమూ. ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్ళు ఎప్పుడు కలుసుకుంటాయో లెక్కలు కట్టి ఫస్టు మార్కులు కొట్టిన పిల్లలు కూడా, ఒక్క రైలునైనా కళ్ళతో చూడకుండానే పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కనేవారు. అయినా మాకంటూ ఒక స్టేషను ఉండేది. ఏటి అవతలి గట్టు మీద ఉన్నా అది మాదే అనుకునేవాళ్ళం. దానికి పట్టాలు లేవు, రైలు రాదు. నవ్వకండి. ఆ స్టేషన్లో నేను కాపురమున్నాను. నా మొదటి ఉద్యోగం కూడా అక్కడే వెలగబెట్టాను.

దాని చరిత్ర చాలా చిన్నది. తెల్లదొరల కాలంలో కాకినాడ వైపు నుంచి గోదావరి గట్టు దాకా ఒక లైను వేశారు. కోనసీమవాళ్ళు పడవ దిగి, గట్టెక్కి, రైలెక్కి దర్జాగా పోయేవారట. ఇంతలో పెద్ద యుద్ధం వచ్చింది. ఎక్కడో ఎవరో కొట్టుకుంటూంటే ఇనుము చాల్లేదని మా పట్టాలు ఊడబీక్కుని పట్టుకుపోయారు. "యుద్ధమైపోగానే మళ్ళీ తెచ్చి ఏసేత్తామన్నారర్రా!" అని ముసలివాళ్ళు నిన్ననో మొన్ననో జరిగినట్టు చెప్పేవారు. యుద్ధం అయిపోయింది, దొరలు వెళ్ళిపోయారు, పట్టాలు మాత్రం రాలేదు. స్టేషను కట్టడం జేబులో పట్టదు కాబట్టి (పట్టి ఉంటే అదీ పోయేదే) దాన్ని గట్టు మీద వదిలేసి మర్చిపోయారు.

ఇక సౌకర్యాలంటారా? ఒక పెద్ద హాలు, టిక్కెట్లిచ్చే కన్నం ఉన్న గది, ఆడవాళ్ళు కూర్చునే గది, ముందర గడ్డి మొలిచిన ప్లాట్‌ఫారం, దాని మీద రెండు సిమెంటు బల్లలు, పక్కన తియ్యటి నీళ్ళ నుయ్యి. ప్లాట్‌ఫారం మీద ఊరివాళ్ళు ధాన్యం ఎండబెట్టుకునేవారు. పట్టాలుండాల్సిన చోట గేదెలు మేసేవి. ఏరు దాటించే పంటు దిగినవాళ్ళు బస్సు వచ్చేదాకా బల్లల మీద కూర్చుని చుట్టలు కాల్చుకునేవారు. హాలు పైకప్పు పెంకులు చాలావరకు జారిపోయి ఉండేవి. ముసురు పట్టిందంటే లోపలా బయటా ఒకటే వాన.

ఆ కప్పు కిందకి మా పెద్దమ్మ వచ్చి చేరింది. పెదనాన్న మిషను బళ్ళో హెడ్మాస్టరుగా చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి పోయాడు. బడి తాలూకు ఇల్లు కొత్త హెడ్మాస్టరుగారికి ఖాళీ చేసివ్వాల్సి వచ్చింది. పిల్లాజెల్లా లేరు. ఒక ట్రంకుపెట్టె, ఇత్తడి గిన్నెలు, బైబిలు, గొడుగు పట్టుకుని బస్సు కోసమని ఆ స్టేషను బల్ల మీద కూర్చుంది. బస్సు వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. ఏ ఊరికి ఎక్కాలో తనకే తెలియలేదట. ఇంతలో వాన మొదలైతే పెట్టె తడిసిపోతుందని లోపలికి జరిపింది. అలా జరిపిన పెట్టె ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయింది. ఊరి పెద్దలు "ఉండండమ్మా, ఎవరొచ్చి అడుగుతారు గనక!" అన్నారు. ఊరికే కూర్చోలేని మనిషి కాబట్టి హాల్లో పిల్లల్ని పోగేసి బడి పెట్టింది. లైను తాలూకు ఆఖరి పట్టా ముక్క ఒకటి వేపకొమ్మకి వేలాడుతూండేది. దాన్ని రాయితో కొడితే అదే బడిగంట. అందరూ ఆవిణ్ణి స్టేషను పంతులమ్మగారు అనేవారు.

నాకు టీచరు ట్రైనింగు పూర్తై, ఉద్యోగం రాక, అమలాపురంలో మా ఇంట్లో అమ్మ చేత రోజూ తిట్లు తింటూంటే "దాన్ని నా దగ్గరికి పంపించెయ్యి" అని పెద్దమ్మ కబురు పెట్టింది. అలా నేను ఒకటో తరగతికి టీచరమ్మనయ్యాను. జీతం అన్నం, హోదా అసిస్టెంటు. నిజం చెప్పొద్దూ, అక్కడి సాయంకాలాలు నాకు ఏడుపు తెప్పించేవి. పిల్లలు వెళ్ళిపోయాక ఏటి గాలి హాల్లో ఈ తలుపులోంచి దూరి ఆ తలుపులోంచి పోయేది. ఎవరో వస్తారని కట్టిన ఇల్లు అది, ఎవరూ రాని చోటు. అందులో బతకడం ఎంత దిగులో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. పెద్దమ్మ మాత్రం చీకటి పడకముందే ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరికి ఊడ్చేది. "ఎవరొస్తారని పెద్దమ్మా?" అంటే "వచ్చేవాళ్ళు చెప్పి వస్తారేంటే?" అనేది. వానాకాలం వస్తే ఏ చుక్క కింద ఏ గిన్నె పెట్టాలో ఆవిడకి కంఠతా వచ్చు. పిల్లలు గిన్నెల మధ్య ఇరుక్కుని కూర్చుని ఎక్కాలు అప్పజెప్పేవారు. చప్పుడుకి తాళం తప్పకుండా చదివేవారు కూడాను.

ఇలా ఉండగా ఒకనాడు పంటు దిగి రైలు ప్రెసిడెంటుగారు వచ్చారు. ఆయన పంచాయతీ ప్రెసిడెంటు కాదు, కో-ఆపరేటివు ప్రెసిడెంటూ కాదు. కోనసీమకి రైలు తెప్పించే సంఘానికి ప్రెసిడెంటు. కొబ్బరికాయల వ్యాపారం కొడుకుల మీద వదిలేసి, ఇస్త్రీ లాల్చీ వేసుకుని, రైలు రైలు అని తిరిగే మహానుభావుడు. మనిషి వెన్నపూస. కాకపోతే మర్యాద ఎక్కువ. వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినవాళ్ళు తమంతట తాము లేచి బయటికి రాగలిగిన దాఖలాలు లేవు.

"పంతులమ్మగారూ, కార్యం పండిందండీ! పైనుంచి ఆఫీసరుగారు వత్తన్నారు. లైను మళ్ళీ ఏత్తే జనం ఎక్కుతారా లేదా, స్టేషను పనికొత్తాదా లేదా చూసి రాసుకుంటారంట" అన్నారు ఆయాసపడుతూ.

పెద్దమ్మ చేతిలో చీపురు కింద పెట్టేసింది. "దేవుడు విన్నాడండి" అంది. ఆవిడ మొహం అంతగా వెలిగిపోవడం నేను అంతకు ముందు చూడలేదు.

"ఆయ్. అయితే చిన్న చిక్కుందండి" అని ప్రెసిడెంటుగారు లాల్చీ అంచు నలుపుకున్నారు. "ఇందులో ఎవరో కాపురముంటన్నారంటే ఆక్రమణ అంటారండి. బడి అంటే ఇంకా పెంట అవుతాది. అంచేత ఆ ఒక్కరోజూ మీరు... మీరు లేనట్టు ఉండాలండి. తప్పుగా అనుకోకండి."

"దానికేం భాగ్యమండి, లేనట్టు ఉండడం నాకలవాటే" అంది పెద్దమ్మ.

ఆయన వెళ్ళాక నేను ఊరుకోలేకపోయాను. "నిజంగా రైలొస్తే మనమెక్కడికి పోతాం పెద్దమ్మా?"

"పిచ్చిమొహమా, రైలొస్తే పోవడానికి రైలుంటుంది కదే" అంది. ఆ జవాబుకి నేను అప్పట్లో పకపకా నవ్వాను.

ఆ మర్నాటి నుంచి సంఘంవాళ్ళు దండయాత్రలా వచ్చిపడ్డారు. సున్నాలు వేయించారు. గడ్డి పీకించారు. గేదెల్ని వేరే మేతకి తోలించారు. ఆఫీసరుగారి నెత్తి మీద ఒక్క చుక్క పడితే కోనసీమ పరువు గోదాట్లో కలుస్తుందని, ప్రెసిడెంటుగారు తన కొబ్బరి కొట్టు మీది పెంకులు విప్పించి, పంటు మీద దాటించి, స్టేషను కప్పంతా కొత్తగా నేయించారు. (ఆ ఏడు వానలకి ఆయన కొట్టు తడిసిపోయిందని తరవాత తెలిసింది.) చదువుకున్నదాన్ని కాబట్టి స్వాగతోపన్యాసం నాకు అప్పజెప్పారు. 'మన స్టేషను చరిత్ర, సౌకర్యాలు' అనే అంశం మీద నేను రాసింది చదివితే బొంబాయి స్టేషనువాళ్ళు సిగ్గుపడాలి. నూతిని 'నిరంతర మధుర జల సదుపాయం' అన్నాను. కన్నాన్ని 'టిక్కెట్ల విభాగం' అన్నాను. కప్పు దగ్గరికి వచ్చేసరికి కవిత్వం పొంగుకొచ్చి, ఎంత తుఫాను వచ్చినా చెక్కుచెదరదని రాశాను.

ఆ రోజు రానే వచ్చింది, ముసురుతో సహా. ఏరు ఎర్రనీరు తిరిగి హోరుమంటోంది. జనం ఎక్కుతారని నిరూపించడానికి ప్రెసిడెంటుగారు కోనసీమ నుంచి రెండు పంట్ల నిండా ప్రయాణికుల్ని దింపారు. ట్రంకుపెట్టెలు, కొబ్బరి బుట్టలు, పరుపు చుట్టలు, చంకల్లో పిల్లలు. లేని రైలు కోసం వచ్చిన ఆ జనమంతా తడిసి ముద్దై హాల్లో కిక్కిరిసి నిలబడితే, చూడ్డానికి నిజంగానే బండి లేటయినట్టుంది. పాపం ఒక ముసలాయన "ఇంతకీ బండెన్నింటికండీ?" అని నన్ను రెండుసార్లు అడిగాడు. మా సామాను కనబడకూడదు కనక పెద్దమ్మ అంతా ట్రంకుపెట్టెలో సర్దేసింది. గొడుగు చేత్తో పట్టుకుని, పెట్టె పక్కన పెట్టుకుని, హాలు తలుపు పక్కన వేసిన చెక్కబల్ల చివర ప్రయాణికురాలిలా కూర్చుంది. అంతమంది వేషగాళ్ళలో పెట్టెలో నిజంగా సామానున్నది ఆవిడ ఒక్కతికే.

ఆఫీసరుగారు జీపు దిగారు. సన్నగా, పచ్చగా, కడుపునొప్పి మొహంతో ఉన్నారు. నా ఉపన్యాసం విన్నారు. సగం వాన చప్పుడులో కొట్టుకుపోయింది గానీ కప్పు మాట దగ్గర మాత్రం తలెత్తి పైకి చూశారు. ఆ తరవాత భోజనాలు. ఆయనకి కడుపులో పుండట, పత్యమట, మజ్జిగన్నం తప్ప ముట్టరట. ఈ మాట ఎవరితో చెప్పుకున్నా చెల్లుతుంది గానీ మా గోదావరివాళ్ళతోనా! "ఆయ్, పత్యమేనండి, ఇదీ పత్యమేనండి" అంటూ ప్రెసిడెంటుగారు పనసపొట్టు కూర వడ్డించారు. ముద్దపప్పులో నెయ్యి వంచారు. "పుస్తెలమ్మైనా పులస తినమన్నారండి పెద్దలు. మీరు పుస్తెలేవీ అమ్మక్కర్లేదు, ఒక్క ముక్క రుచి చూడండి" అని పులస చేపల పులుసు పోశారు. అడ్డం పెట్టిన చేతి మీద కూడా వడ్డించారు. మీ కాలికి దండం అన్నట్టు చూశారాయన. చివరికి పూతరేకులు కూడా అయ్యాక మనిషి నిలబడలేకపోయారు. ఇద్దరు రెక్కలు పట్టుకుని ఆడవాళ్ళ గదిలో పెద్దమ్మ మంచం మీద, అది తమరి కోసమే తెప్పించామని చెప్పి, పడుకోబెట్టారు.

ఆయన సాయంకాలం దాకా లేవలేదు. బయట కుండపోత. లోపల ఒక్క చుక్క లేదు. మేమంతా కాలు కదిపితే చప్పుడవుతుందని బిగుసుకుపోయి కూర్చున్నాం. లేచి వచ్చిన మనిషి మొహం చూస్తే నాకు ఆశ్చర్యమేసింది. పసిపిల్లాడి మొహంలా తేటగా ఉంది. "ఏళ్ళ తరవాత ఇలా నిద్రపోయానండి" అన్నారు. గోడ తట్టి చూశారు, కప్పు కేసి మళ్ళీ చూశారు. "ఇంత మంచి కట్టడమా! ఇందులో ఎవరూ ఉండడం లేదా?"

"అబ్బే, పురుగు కూడా లేదండి!" అన్నారు ప్రెసిడెంటుగారు. సంఘమంతా "ఆయ్, లేదండి" అంది.

వెళుతూ వెళుతూ ఆయన పెద్దమ్మ ముందు ఆగారు. ఎందుకాగారో తెలియదు. అంతమందిలో ఆవిడ ఒక్కతే నిజం ప్రయాణికురాలిలా కనిపించిందేమో. "ఏమ్మా, ఏ ఊరు వెళ్ళాలి?" అని అడిగారు.

ప్రెసిడెంటుగారు లాల్చీ అంచు నలిపేసుకుంటున్నారు. పెద్దమ్మ పైట సర్దుకుని నెమ్మదిగా "ముందు రైలు రానివ్వండి బాబూ. వచ్చాక ఆలోచించుకుంటానండి" అంది. ఆయన నవ్వి జీపెక్కారు. ఆ నవ్వు చూసి మాకందరికీ రైలు వచ్చేసినంత సంబరం. ప్రయాణికులు మిగిలిన పూతరేకులు తినేసి పంటు ఎక్కి ఇళ్ళకి పోయారు. ఆ రాత్రి గిన్నెలు పెట్టే పని లేక పెద్దమ్మకి నిద్ర పట్టలేదు.

దసరా సెలవులు ముగిసి మళ్ళీ బడి తెరిచాక, పిల్లలు ఇళ్ళకి వెళ్ళిన ఒక సాయంకాలం జీపు వచ్చింది. ఆఫీసరుగారు లేరు. ఇద్దరు మనుషులు, వాళ్ళ చేతుల్లో చెయ్యంత తాళం. అసలు సంగతి వాళ్ళే చెప్పారు. జనం సంగతి తరవాత చూస్తారట, లైనుకి డబ్బులేదట. అయితే రైల్వే శాఖ కట్టడం ఒకటి దివ్యంగా, ఖాళీగా పడి ఉందని ఆయన ఎంతో మెచ్చుకుని రాశారట. అంచేత ఎవరూ ఆక్రమించుకోకుండా తాళం వేసి భద్రంగా ఉంచమని ఉత్తర్వట. కప్పు కారుతూ ఉండి ఉంటే ఎవడికి కావాలమ్మా అని కూడా వాళ్ళలో ఒకడు అన్నాడు.

కబురందుకుని ప్రెసిడెంటుగారు పడుతూ లేస్తూ వచ్చారు. "ఈవిడ ఇక్కడే ఉంటన్నారండి, బడి కూడా..." అని మొదలుపెట్టారు. పెద్దమ్మ ఆయన మాట పూర్తి కానివ్వలేదు. తాళం పట్టుకున్న అతను "మీరెవరమ్మా? ఇక్కడ ఉంటున్నారా?" అని అడిగితే, "లేదండి. ప్రయాణికురాలిని. బస్సు కోసం కూర్చున్నానండి" అంది.

నేను చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కుపోయి ఏడుపు గొంతుతో పోట్లాడాను. "ఎందుకలా అన్నావు? ఉంటున్నామని చెప్పు!"

"మొన్న లేమని చెప్పి ఇవాళ ఉన్నామంటే, మనం రైలు కావాలన్న మాట కూడా అబద్ధమే అనుకోరూ?" అంది. "ఊరందరికీ వచ్చే రైలే. నా మంచం కోసం ఆపుతావేంటే?"

ట్రంకుపెట్టె బయటికి తెచ్చుకున్నాం. మంచం ఊళ్ళోవాళ్ళకి ఇచ్చేశాం. వాళ్ళు తాళం వేశారు. వేపకొమ్మకి వేలాడుతున్న పట్టా ముక్క కూడా శాఖవారి సొత్తేనని విప్పి జీపులో పడేసుకున్నారు. ఈసారి యుద్ధం కూడా లేదు. మర్నాడు పిల్లలు వచ్చి గంట కోసం చూసి ఉంటారు. పంటు మీద ఏరు దాటుతూంటే ప్రెసిడెంటుగారు ఆ చివర నిలబడి కండువాతో మొహం కప్పుకుని ఏడ్చారు. ఆఖరికి పెద్దమ్మే ఆయన్ని ఓదార్చాల్సి వచ్చింది. "మర్యాద చెయ్యడం తప్పెలా అవుతుందండీ, ఊరుకోండి" అంటూ.

పెద్దమ్మ కొన్నాళ్ళు అమలాపురంలో మా ఇంట్లో ఉంది. తరవాత రాజోలు దగ్గర ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా కుదిరింది. ఎక్కడున్నా ట్రంకుపెట్టె తలుపు దగ్గరే పెట్టుకునేది, లోపలికి జరపనిచ్చేది కాదు. భద్రంగా తాళం వేసిన ఆ స్టేషను, లోపల ఊడ్చే మనిషి లేక, పాడుపడి, ప్రెసిడెంటుగారి పెంకులతో సహా కూలిపోయింది. చాలా ఏళ్ళకి ఆ లైను మీద నిజంగానే మళ్ళీ పట్టాలు వేశారు. అప్పటికి పెద్దమ్మా లేదు, ప్రెసిడెంటుగారూ లేరు. నేను ఒకసారి పనిగట్టుకుని వెళ్ళి ఎక్కాను. పక్కనున్నావిడ "ఎందాకా వెళ్తారండీ?" అని అడిగితే వెంటనే ఏ ఊరి పేరూ నోటికి రాలేదు. ఆవిడ నన్నేమనుకుందో ఏమో, సంచీ దగ్గరికి లాక్కుంది.

ఇప్పుడు నేను పెద్దదాన్ని. సొంత ఇల్లుంది, కోనసీమలోనే, పెంకుటిల్లు. ఏటా వానలకి ముందు తాపీమేస్త్రి వచ్చి కప్పు సరిచేస్తాడు. వంటింటి మూల ఒక్కచోట మాత్రం పెంకు తప్పించి ఉంటుంది. "అమ్మగారూ, అదీ సర్దేత్తానండి, ఎంతసేపు!" అంటాడు ప్రతి ఏడూ. నేను వద్దంటాను. మా ఆయన నాకు మతి పోయిందంటాడు, పోతే పోయింది. ముసురు పట్టగానే ఆ మూల పెద్దమ్మ ఇత్తడి గిన్నె పెట్టుకుని, చుక్క పడే చప్పుడు కోసం చెవి వొగ్గి కూర్చుంటాను. టప్ మని పడుతుంది. హమ్మయ్య, ఈ ఏడు కూడా మా ఇల్లు ఎవరూ మెచ్చుకోరు.